మిగతా కథ వెండితెరపై

ఊరికి క్రొత్త సినిమా వచ్చినదని చాటుటకు ఒకప్పుడు ఒక ఎడ్లబండియు ఒక మైకును చాలియుండెడివి. బండికి రెండు ప్రక్కల తడికలు నిలిపి, వానిపై రంగుల బొమ్మలు అంటించి, వీధివీధిని త్రిప్పుచు కరపత్రములు విసరెడివారు. వెనుక పిల్లలు పరుగెత్తెడివారు. టాకీసు వాకిట అణాలకు దొరకు పాటల పుస్తకములో పాటలతో పాటు కథాసంగ్రహము కూడ ముద్రితమై యుండెడిది. నాయికను దుర్మార్గులు ఎత్తుకొని పోవుదురు. నాయకుడు గుఱ్ఱమెక్కి వారిని వెన్నాడును. ఇంతలో త్రోవకు అడ్డముగా లోయ వచ్చును. అక్కడ కథ ఆగిపోవును. మిగతా కథ వెండితెరపై చూడుడని క్రింద ఒక పంక్తి యుండును. ఆ పంక్తిని మొట్టమొదట వ్రాసినవాడెవడో కాని, మానవస్వభావము నెరిగినవాడు. సగము చెప్పి ఊరకుండుట కంటె మనుష్యుని కట్టివేయు త్రాడు వేరొకటి లేదు.

నేడు ఆ బండియు లేదు, ఆ పుస్తకమును లేదు. భూపాలపల్లిలోని సింగరేణి కార్మికుల కాలనీలోనైనను, గోదావరి యొడ్డునగల పల్లెలోనైనను, చిత్రము విడుదలకు కొన్ని దినములు మునుపే రెండు నిమిషముల ట్రైలరు చేతిలోని ఫోనులోనికి వచ్చి కూర్చుండుచున్నది. వెంట వచ్చునదని ఆ యాంగ్లపదమునకు అర్థము. తొలినాళ్లలో రాబోవు చిత్రపు ముక్కలను, ఆడుచున్న చిత్రము ముగిసిన పిమ్మట చూపెడివారు కనుక ఆ పేరు వచ్చినది. ఆట ముగియగనే జనులు లేచిపోవుచుండుటచే వానిని ముందునకు మార్చిరి. పేరు మాత్రము మారలేదు. మన పూర్వులకు ఇట్టి పని తెలియనిది కాదు. సంస్కృత నాటకమున సూత్రధారుడు రంగము మీదికి వచ్చి, కవిని, కథను, ప్రదర్శనమును పొగడి, సభ్యుల మనస్సును నాటకము వైపు త్రిప్పెడివాడు. దానికి ప్రరోచనయని పేరు. ట్రైలరు నేటి ప్రరోచన. అయితే సూత్రధారుడు చేతులు జోడించి పిలిచెడివాడు. దయ్యాల సినిమా ట్రైలరు మెడపట్టి లాగును. ఇతర చిత్రముల ట్రైలర్లు నటులను చూపి, పాటలను వినిపించి ప్రేక్షకుని ఆశపెట్టును. ఇది యొక్కటియే ప్రేక్షకుని బెదరించి, ఇంకను బెదరుటకు ధనము చెల్లించి రమ్మని పిలుచుచున్నది. ఇంత వింతయైన బేరము లోకమున మరియొకటి ఉండదు. అయినను అది సాగుచునే యున్నది.

ఏల సాగుచున్నది? భయము కూడ ఒక రసమని మన ఆలంకారికులు ఏనాడో చెప్పియున్నారు. భరతుడు నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పి, వానిలో భయానకమునకు నలుపును వర్ణముగను, కాలుని అధిదేవతగను నిరూపించెను. ఆ రసమును పుట్టించు విభావములను ఆయన ఎన్నిన తీరు చూచినచో నేటి దర్శకులు సిగ్గుపడవలసి యుండును. వికృతమైన ధ్వనులు, భూతదర్శనము, నక్కల కూతలు, గుడ్లగూబల అరపులు, శూన్యగృహము, అరణ్యము, ఆత్మీయుల మరణము. ఈ మాసమున విడుదలైన ఏ దయ్యాల చిత్రపు ట్రైలరునైనను తెరచి చూడుడు. పాడుపడిన బంగళా కనిపించును. అది శూన్యగృహము. ఊరిచివర అడవి కనిపించును. కుక్కయో కాకియో గుడ్లగూబయో కూయును. రెండువేల యేండ్ల నాటి పట్టికలో నుండి ఒక్క వస్తువును తప్పిపోలేదు. క్రొత్తగా చేరినవి తలుపు సందు, ఊయెల, ఆటబొమ్మ, మినుకుమినుకుమను విద్యుద్దీపము మాత్రమే.

వాడినదానినే వాడుట దోషమా యని యడుగవచ్చును. కాదు. ప్రతి కథాజాతికి ఒక కట్టుబాటు ఉండును. ప్రేక్షకునికి ఆ కట్టుబాటు తెలిసియుండుటయే ట్రైలరునకు బలము. రెండు నిమిషములలో ఊరిని, కుటుంబమును, ఆపదను పరిచయము చేయవలెనన్న వివరించుటకు వ్యవధి యెక్కడిది? చీకటి మెట్ల మీద నిలిచిన పిల్లను ఒక్క సెకను చూపినంతనే, చూచువాడు తనకు తెలిసిన కథలన్నింటిని తెచ్చి ఆ పిల్ల వెనుక నిలుపుకొనును. పని అంతయు ప్రేక్షకుడే చేయుచున్నాడు. ట్రైలరు తాళపుచెవి మాత్రమే త్రిప్పుచున్నది.

ఈ విద్యలో సారమైనది ముందు శబ్దము, తరువాత రూపము అను క్రమము. దీనిని నేర్చుకొనుటకు ఓరుగల్లు సీమవాసులు పరదేశములకు పోవలసిన అక్కరలేదు. నేటి జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామము పోతనామాత్యుని జన్మస్థానమని ప్రసిద్ధి. ఆ మహాకవి భాగవత సప్తమ స్కంధమున ప్రహ్లాద చరిత్రము నడిపిన తీరును పరిశీలింపుడు. శ్రీహరి ఎక్కడ నున్నాడని తండ్రి ప్రశ్నించును. అంతట నున్నాడని బాలుడు బదులు చెప్పును. ఈ స్తంభమున చూపగలవా యని తండ్రి మరల అడుగును. ఇప్పటికి ఏమియు జరుగలేదు. రాజసభలో ఒక స్తంభము నిలిచియున్నది, అంతే. కాని చదువరి చూపు ఆ స్తంభమును విడువదు. హిరణ్యకశిపుడు దానిని చరచును. అప్పుడు వచ్చునది నరసింహుడు కాడు, బ్రహ్మాండము పగులునట్టి ధ్వని. ఆ ధ్వనికి పిమ్మటనే రూపము. స్తంభము చరచిన మరుక్షణముననే సింహముఖమును చూపియుండినచో ఆ ఘట్టము ఇన్ని వందల యేండ్లు పల్లెల అరుగుల మీద బ్రతికియుండెడిది కాదు.

ఒగ్గుకథ విన్నవారికి కూడ ఈ మర్మము తెలియును. జనగామ ప్రాంతమున మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య 2017లో కీర్తిశేషుడగు వరకు ఒగ్గుకథకు దేశమంతట పేరు తెచ్చినవాడు. మల్లన్న కథయో బీరప్ప కథయో చెప్పు బృందము ఆపద ఘట్టమునకు వచ్చినప్పుడు డోలు వేగము పెరుగును, కథకుని కంఠము హెచ్చును. పిమ్మట డోలు చటుక్కున ఆగును. ఆ నిశ్శబ్దములో తల్లి యొడిలోని బిడ్డ కూడ కదలదు. నేటి ట్రైలరులో పెద్ద శబ్దమునకు మునుపు వచ్చు మౌనము ఆ డోలు విరామమే. ఒగ్గుకథకుడు దానిని రాత్రియంతయు సాగు కథలో ఏ రెండు మూడు మారులో వాడును. ట్రైలరు రెండు నిమిషములలో ఆరేడు మారులు వాడుచున్నది. భేదము అక్కడ నున్నది.

చలనచిత్రమునకు సెకనుకు 24 బొమ్మలు. వానిని కూర్చువాని చేతిలో ప్రేక్షకుని ఊపిరి యుండును. భయానక చిత్రపు ట్రైలరు సాధారణముగా ఎండవెలుగుతో ఆరంభమగును. క్రొత్త యింటికి చేరు కుటుంబము, లేదా సెలవులకు ఊరికి వచ్చు బంధువులు. షాటులు దీర్ఘముగా నుండును. ఒకరు నవ్వుచుందురు. తరువాత ఒక చిన్న వైపరీత్యము కనిపించును: మూసిన తలుపు తెరచియుండుట, కుక్క ఒక గది వైపు చూచి మొరగుట. ఇక అక్కడినుండి షాటుల నిడివి తరుగును. రంగులు నీలముగా మారును. కెమెరా మనుష్యుని ముఖమును ఫ్రేములో ఒక ప్రక్కకు నెట్టి రెండవ ప్రక్కను ఖాళీగా విడుచును. ఆ ఖాళీయే ఇందు గొప్ప నేర్పు. ఖాళీ చోటు కనబడినంతనే, అక్కడికి ఏదో రాబోవుచున్నదని కన్ను దానిని కాపలా కాయుట మొదలుపెట్టును. ఏమియు రాకపోయినను కాచిన శ్రమ నిజమే. తుదకు షాటులు కన్నుమూసి తెరచునంతలో మారిపోవుచు, కేకలు, మంటలు, పరుగులు కలగలిసి పోవును. తెర నల్లనగును. చిత్రము పేరు పడును. అయిపోయినదని చూచువాడు భుజములు దించిన పిమ్మట ఆఖరి దెబ్బ పడును. పేరు పడిన తరువాత ఒక ముఖము ఎదురుగా ఉరుకును. ఇది నేడెంతగా అలవాటైనదనగా, పేరు పడగనే పిల్లలు చెవులు మూసికొనుచున్నారు.

శబ్దపు పని ఇంతకంటె సూక్ష్మమైనది. హఠాత్తుగా వచ్చిన పెద్ద శబ్దమునకు కనురెప్ప కొట్టుకొనుటకు సెకనులో ఇరువదవ వంతు కాలము చాలును. ఆ శబ్దమేమిటో మెదడు ఆలోచించుటకు మునుపే దేహము ఉలికిపడును. అందుచేత, నేను దయ్యములను నమ్మను, నాకేల భయమని పలుకు వీరుడు కూడ ఉలికిపడక తప్పదు. ఆ ఉలికిపాటు భయము కాదు. ఈగ కంటి మీదికి వచ్చినప్పుడు రెప్ప మూయుట వంటిది. మార్మట్ అను కొండజంతువుల కూతలపై పరిశోధనలు చేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు డేనియల్ బ్లూమ్‌స్టైన్, మరికొందరితో కలిసి అనేక చలనచిత్రముల నేపథ్య ధ్వనులను పరీక్షించి 2010లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆపదలో చిక్కిన జంతువు కంఠము చీలి గరగరలాడు తీరును పోలిన కర్కశ ధ్వనులు భయానక చిత్రములలో పొందుపరుపబడి యున్నవని ఆ పరిశీలన చూపినది. వయొలిన్ తీగెలపై కమాను గీరి పుట్టించు కీచుధ్వని ఏ రాగమునకును చెందదు. అది చిక్కిపోయిన పశువు మొర. దానిని విన్నంతనే వెన్ను జలదరించుటకు సంగీతజ్ఞానము అక్కరలేదు.

శబ్దమును విని ఆపదను గుర్తించుట భూపాలపల్లివారికి క్రొత్త కాదు. కాకతీయ ఖనులలో భూమి క్రింద పనిచేసిన కార్మికుని అడిగి చూడుడు. టోపీకి అమర్చిన దీపపు వెలుగు పడినంత మేరయే అతనికి లోకము, మిగిలినదంతయు నలుపు. పనికి దిగక మునుపు పైకప్పును కఱ్ఱతో తట్టి విందురు. గట్టిగా ఖంగుమన్నచో కప్పు నిలిచియున్నదని అర్థము. డొల్లగా పలికినచో ఆ పొర విడివడి యున్నదని, ఏ క్షణముననైనను ఊడిపడునని అర్థము. అక్కడ చీకటి నిజమైనది, నిశ్శబ్దము నిజమైనది, ఆ డొల్ల శబ్దమునకు బెదరినవాడు ఇంటికి చేరినాడు. భయము ప్రకృతి ఇచ్చిన కావలివాడు. ట్రైలరు ఆ కావలివానిని ఊరక తట్టి లేపి, ఎవరును లేరు పండుకొమ్మని మరల చెప్పును. వినోదముగా అప్పుడప్పుడు లేపిన తప్పులేదు. దినమునకు పదిమారులు లేపినచో వాడు విసిగి నిజమైన దొంగ వచ్చినప్పుడు లేవడు. లేదా దొంగ కానివానిపై కఱ్ఱ ఎత్తును. ఈ రెండవ సంగతి ముందు ముందు మరల రాగలదు.

మంచి ట్రైలర్లు లేకపోలేదు. 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తన సైకో చిత్రమునకు చేసిన ట్రైలరు ఆరు నిమిషములకు పైబడినది. అందు చిత్రములోని ఘట్టములకు బదులు దర్శకుడే కనిపించును. లావుపాటి పెద్దమనిషి, కోటు తొడిగికొని, ఇల్లు అమ్మజూపువానివలె ఆ సత్రమును, ఆ పాత యింటిని త్రిప్పి చూపుచుండును. ఇక్కడ మెట్లున్నవి, ఇక్కడనే ఆ ఘోరము జరిగినదని ఆరంభించి, చెప్పరానిదేదో గుర్తు వచ్చినట్లు వాక్యమును మధ్యలో విడిచివేయును. తుదకు స్నానపుగది తెరను లాగును. ఒక కేక. అంతే. 1980లో విడుదలైన స్టాన్లీ కుబ్రిక్ చిత్రము ది షైనింగ్ కొరకు చేసిన ట్రైలరు మరియు వింతయైనది. కెమెరా కదలదు. ఎదుట మూసిన లిఫ్టు తలుపులు. వాని మీదుగా పేర్లు మెల్లగా పైకి సాగిపోవుచుండును. చాలసేపు ఏమియు జరుగదు. పిమ్మట తలుపు సందునుండి రక్తప్రవాహము వెలువడి గదిని ముంచివేయును. ఒక్క షాటుతో, ఒక్క మాటయైనను పలుకక, పనియంతయు జరిగినది. 2009లో అమెరికాలో విడుదలైన పారానార్మల్ ఆక్టివిటీ చిత్రపువారు మరియొక యుక్తి పన్నిరి. చిత్రమును చూచుచున్న ప్రేక్షకులను చీకటిలో చిత్రీకరించి, వారు కుర్చీలలో ముడుచుకొనుటను, ఒకరి నొకరు పట్టుకొనుటను ట్రైలరులో చూపిరి. మన శాస్త్రపు పరిభాషలో చెప్పినచో విభావమును దాచి అనుభావమును అమ్మిరి.

తెలుగున రాంగోపాల్ వర్మ 1992లో తీసిన రాత్రి మొదలుకొని ఈ జాతి చిత్రములకు ఒక వరుస కలదు. 2009లో కోడి రామకృష్ణ దర్శకత్వమున వచ్చిన అరుంధతి ఇంటింటికి తెలిసినది. అందలి పశుపతి పాత్రను సోనూ సూద్ ధరించెను. కాని జనులు భయపడినది ఆ ముఖమునకా? బొమ్మాళీ యను ఆ పిలుపునకు. ఆ కంఠము డబ్బింగు కళాకారుడగు రవిశంకరుది. నాటినుండి ఆయనను బొమ్మాళి రవిశంకరనియే పిలుచుచున్నారు. తెరపై కనబడని మనిషికి తెరపై వినబడిన ఒక్క మాట ఇంటిపేరైనది. శబ్దమునకు గల ప్రభావమునకు ఇంతకన్న నిదర్శనము వెదకనక్కరలేదు.

ఇట్టివానిని చూచిన కంటితో నేటి ట్రైలర్లను చూచినప్పుడు రెండు లోపములు తోచును. మొదటిది వదరుబోతుతనము. కథ ఆరంభము, మలుపు, దయ్యము ముఖము, తుది పోరాటము, సమస్తమును రెండున్నర నిమిషములలో కుమ్మరించి వెళ్లుదురు. పాటల పుస్తకము లోయవద్ద ఆగెను. వీరు లోయ దాటించి, పెండ్లిచేసి, అక్షతలు కూడ చల్లించెదరు. దీని వలన నష్టము నిర్మాతకే కనుక దానిని గూర్చి అధికముగా చింతింపనక్కరలేదు.

రెండవది అట్లు నవ్వి విడువదగినది కాదు. ఇటీవలి తెలుగు భయానక చిత్రములు బంగళాను విడిచి పల్లెకు వచ్చినవి. 2021లో మా ఊరి పొలిమేర, 2023లో దాని రెండవ భాగము చేతబడిని ఇతివృత్తముగా గొన్నవి. కార్తీక్ దండు దర్శకత్వమున 2023 ఏప్రిల్ 21వ తేదీన విడుదలైన విరూపాక్ష, రుద్రవనమను కల్పిత గ్రామమున 1979లో క్షుద్రవిద్యలు చేయుచున్నారని దంపతులను ఊరివారు తగులబెట్టుటతో ఆరంభమగును. పండ్రెండేండ్ల పిమ్మట ఆ ఊర చావులు మొదలగును. కథ పల్లెకు వచ్చుట సంతోషింపవలసినదే. పొలిమేర, మైసమ్మ గుడి, చింతచెట్టు, మర్రియూడలు మన తెరపై మన రూపున కనబడుచున్నవి. కాని బంగళాలోని దయ్యము ఎవరి పొరుగువాడును కాడు. పల్లెలోని మంత్రగాడు పొరుగువాడు.

తెలంగాణములో దీనిని బాణామతి యందురు, చేతబడి యందురు. బిడ్డకు జ్వరము తగ్గకున్నను, గొడ్డు చచ్చినను, ఎవరో ఏదో చేసినారని అనుమానము పుట్టును. అనుమానము ఏనాడును బలవంతుని వాకిట నిలువదు. అది ఒంటరిగా బ్రతుకు వృద్ధురాలిని, చెట్లమందు ఇచ్చు పేదవానిని, ఊరి చివర గుడిసెను వెదకుకొని పోవును. అట్లు అనుమానింపబడినవారిని స్తంభములకు కట్టి కొట్టిన ఊళ్లున్నవి. మంత్రము పలుకకుండుటకని పండ్లూడగొట్టిన ఊళ్లున్నవి. ఇవి తాతల నాటి ముచ్చటలు కావు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణమున మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను జనుల నడుమ పొడిచి చంపిరి. దేశమందలి హత్యలకు కారణములను లెక్కించు జాతీయ నేర గణాంక సంస్థ పట్టికలో క్షుద్రవిద్యయను శీర్షిక ఇప్పటికిని ఒకటి యున్నది.

ఇప్పుడు ట్రైలరును మరల చూడుడు. విరబోసికొన్న జుట్టు, పెద్ద కుంకుమబొట్టు, చేతిలో నిమ్మకాయ, భుజమున నల్లని కంబళి, ముడుతలు పడిన ముఖము. క్రింది నుండి పడిన వెలుగు. కీచుమను ధ్వని. ఒక్క సెకను. ఆ వేషము కల్పితము కాదు. అట్టి బొట్టు పెట్టికొన్న శివసత్తులు ఐలోని జాతరలో నృత్యము చేయుదురు. అట్టి కంబళి కప్పుకొన్న గొల్లకురుమలు మల్లన్న కథ చెప్పుదురు. అట్టి ముఖము ప్రతి ఊర ప్రతి అవ్వకును ఉన్నది. రెండు మూడు గంటల చిత్రములో ఆ మనిషికి ఒక కథ యుండవచ్చును, ఒక న్యాయము జరుగవచ్చును, నిందితుడు నిరపరాధియని తుదకు తేలవచ్చును. ట్రైలరులో అంతటి చోటు లేదు. 2022లో వచ్చిన మసూదలో దయ్యమునకు గుర్తు నల్లని బురఖా. ఆ కుటుంబమును కాపాడుటకు పూనుకొన్న పెద్దయు ముస్లిమే. చిత్రమంతయు చూచినవానికి రెండును తెలియును. ఒక్క ప్రచార పటమును చూచి దాటిపోయినవానికి ఆ నల్లని గుడ్డ మాత్రమే గుర్తుండును. ట్రైలరు స్వభావమే అట్టిది. అది గుర్తును చూపగలదు, వివరమును చెప్పలేదు. కావున గుర్తును ఎన్నుకొనుటలోనే దాని ధర్మాధర్మము లున్నవి.

సినిమా చూచి ఎవడును కత్తి పట్టలేదు, తెర పుట్టక మునుపే మంత్రగాండ్రను చంపిరి గదా యని వాదించువారు గలరు. ఆ వాదములో నిజమున్నది. అనుమానమునకు వేరు తెరమీద లేదు. వైద్యుడు దూరముగా నుండుట, భూమి తగవులు, దాయాదుల పగలు, చదువులేమి దానికి వేళ్లు. ట్రైలర్లనన్నిటిని రేపు నిషేధించినను ఆ వేళ్లు ఎండిపోవు. నిషేధము కోరువారు ఆ కష్టమైన పనిని తప్పించుకొనుటకే సులువైన దానిని కోరుచున్నారేమోయని కూడ తోచుచుండును. మహారాష్ట్రములో 2013లో, కర్ణాటకములో 2017లో చేసిన చట్టములు సైతము కథలను నిషేధింపలేదు; మంత్రతంత్రముల పేర మనుష్యులను బాధించుటను, వంచించుటను నేరముగా చేసినవి. అది సరియైన త్రోవ. అయినను గాలికి మంట పుట్టకపోయినను, పుట్టిన మంటను అది ఊదునన్న సంగతి అసత్యము కాదు. ఇంటిలో బిడ్డ జబ్బుపడి యున్న తండ్రి రాత్రి పది గంటలకు ఫోనులో ఆ ఒక్క సెకను ముఖమును చూచి, ఉదయమున చివరి గుడిసె ముందునుండి పోవునప్పుడు అతని కన్ను ఎవరిని వెదకును?

అన్నింటికంటె తప్పైనది, నిజముగా జరిగిన సంఘటనల ఆధారముగా అను అక్షరములు. నల్లని తెరపై తెల్లగా ఆ మాట పడినంతనే హాలు చల్లబడును. ఏ సంఘటన? ఏ ఊరు? ఏ యేడు? చెప్పరు. నవలాకారుడు కల్పనను కల్పనగానే అమ్మును. అందు మోసము లేదు. కల్పనను నిజమని అమ్మువాడు కల్తీ సరకు అమ్మువానితో సమానుడు. పాలలో నీరు కలిపినవానిని శిక్షించు లోకము దీనిని ప్రచారకౌశలమని మెచ్చుకొనుచున్నది.

థియేటరులో ప్రదర్శించు ట్రైలరుకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము క్రింద ధ్రువపత్రము వలయును. 2023లో ఆ చట్టమును సవరించి, పెద్దల పర్యవేక్షణలో చూడదగిన చిత్రములను 7, 13, 16 ఏండ్ల వయస్సుల ననుసరించి మూడు తరగతులుగా విభజించిరి. మంచిదే. కాని టాకీసు గుమ్మమువద్ద నిలిచి వయస్సు అడుగు మనిషి ఫోనులో లేడు. పెద్దలకు మాత్రమే యను ధ్రువపత్రము పొందిన చిత్రపు ట్రైలరును పదేండ్ల బాలుడు దుప్పటి ముసుగు తన్ని చూచుచున్నాడు. వద్దనిన రహస్యముగా చూచును. అందుచేత వద్దనుట కంటె దానిని విప్పి చూపుట మేలు. గడియారమును విప్పి చూచిన పిల్లవానికి టిక్కుటిక్కుమను ధ్వనిలో భూతము కనిపించునా?

దానికి పెద్ద సాధనములు అక్కరలేదు. ఏ ఉపాధ్యాయుడైనను, ఏ తల్లిదండ్రులైనను చేయవచ్చును. పట్టపగలు పిల్లలను కూర్చుండబెట్టి, వారి వయస్సునకు తగిన ఒక భయానక చిత్రపు ట్రైలరును మూడుమారులు చూపవలెను. మొదటి మారు ఉన్నది ఉన్నట్లు. రెండవ మారు శబ్దమును పూర్తిగా ఆపి. మూడవ మారు బొమ్మను మూసి శబ్దము మాత్రమే వినిపించి. మొదటి మారు ముడుచుకొన్న పిల్లలే రెండవ మారు నవ్వుదురు. నోళ్లు తెరచి కేకలు వేయుచున్న మనుష్యులు శబ్దము లేనిచో ఆవులించుచున్నట్లుందురు. మూడవ మారు మరల ముడుచుకొందురు. పిమ్మట గడియారము చూచుచు, ఎన్ని మారులు తెర నల్లనైనది, ఎన్ని మారులు నిశ్శబ్దము వచ్చినది, ఎన్నవ సెకనున మొదటి కేక వినబడినది, పలకపై వ్రాయింపవలెను. మరియొక ట్రైలరును తెచ్చి దాని లెక్కయు దాని ప్రక్కన వ్రాయింపవలెను. రెండు లెక్కలు ఎంత దగ్గరగా నుండునో చూచి పిల్లలే ఆశ్చర్యపడుదురు.

తుదకు ఒక ప్రశ్న అడుగవలెను. అందులో కనిపించిన ఆ ముసలమ్మ ఏమి చేసినది? చంపినదని ఒకడు, మంత్రించినదని మరియొకడు తప్పక చెప్పును. అప్పుడు శబ్దము ఆపి, ఆ షాటు వద్దకు వెనుకకు త్రిప్పి, మెల్లగా మరల చూపవలెను. ఆమె చేటతో బియ్యము చెరుగుచుండును. ఎవరో పిలిచినట్లు తల యెత్తి ఇటు చూచును.